పైథాన్ డాక్యుమెంటేషన్‌లో మార్కప్ తప్పులను సరిదిద్దే విధానం

పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటుంది. వాటిలో వాడే మార్కప్ (అక్షరాల రూపాన్ని, లింకులను, పేజీ అమరికను సూచించే గుర్తుల పద్ధతి) పేరు రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్. దాన్ని చదివి వెబ్ పేజీలు తయారుచేసే సాధనం స్ఫింక్స్. అంతకు ముందు లేటెక్ అనే మరో మార్కప్‌లో ఉన్న ఈ డాక్యుమెంటేషన్‌ను గియోర్గ్ బ్రాండల్ పూనుకుని మార్చారు. 2008లో విడుదలైన పైథాన్ 2.6 నుంచి కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. నిజానికి స్ఫింక్స్ పుట్టిందే ఆ పని కోసం. ఈ మార్కప్‌లో ఒక కోలన్ తగ్గినా, ఒక ఖాళీ ఎక్కువైనా, వాక్యంలో ఏ దోషమూ లేకపోయినప్పటికీ పేజీ మాత్రం తప్పుగా కనిపిస్తుంది. అటువంటి తప్పులను పట్టుకోవడం, పక్కనున్న దేన్నీ కదపకుండా సరిచేయడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణల్లో ఫంక్షన్ల పేర్లను, ఆదేశాలను తెలుగు లిపిలో రాశాను. అసలు ఫైళ్లలో అవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉంటాయి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

ముందుగా తప్పు కనిపించిన పేజీకి మూలమైన ఫైలును తెరవాలి. ప్రతి పేజీ పక్కపట్టీలోనూ ‘షో సోర్స్’ అనే లింకు ఉంటుంది. అది గిట్‌హబ్‌లో పైథాన్ మూల కోడ్ ఉండే సీపైథాన్ రిపాజిటరీలో, ‘డాక్’ ఫోల్డర్‌లో ఉన్న ఫైలుకు తీసుకువెళుతుంది. మీరు చదువుతున్నది విడుదలైన ఒక వెర్షన్ పేజీ కాబట్టి, కొత్త మార్పులన్నీ చేరే ‘మెయిన్’ బ్రాంచిలో కూడా ఆ తప్పు అలాగే ఉన్నదో లేదో చూసుకున్న తరువాతే పనికి దిగాలి; చాలాసార్లు ఎవరో ఒకరు అప్పటికే దిద్ది ఉంటారు. తరువాత రిపాజిటరీని మీ కంప్యూటర్‌లోకి క్లోన్ చేసుకుని (అంటే నకలు దించుకుని), డాక్ ఫోల్డర్‌లో ‘మేక్ వెన్వ్’ ఆదేశాన్ని ఒకసారి నడిపితే కావలసిన సాధనాలన్నీ సమకూరుతాయి. ‘మేక్ హెచ్‌టీఎంఎల్’ పేజీలను తయారుచేస్తుంది. ‘మేక్ చెక్’ స్ఫింక్స్‌లింట్ అనే సాధనాన్ని ఫైళ్లన్నింటి మీదా నడుపుతుంది. ఏదైనా మార్చడానికి ముందే ఈ రెండింటినీ ఒకసారి నడిపి, అప్పటికే ఉన్న హెచ్చరికలేమిటో చూసి పెట్టుకుంటే, తరువాత మీ మార్పు వల్ల వచ్చిన హెచ్చరికను గుర్తించడం తేలికవుతుంది.

మార్కప్ తప్పుల్లో కొన్నింటిని స్ఫింక్స్ తానే ఫైలు పేరు, వరుస సంఖ్యతో సహా చెబుతుంది. శీర్షిక కింది గీత పొట్టిగా ఉన్నదనో, జాబితా తరువాత ఖాళీ వరుస లేదనో, పట్టిక గళ్లు కుదరలేదనో అది హెచ్చరించినప్పుడు, ఆ వరుసకు వెళ్లి చెప్పినట్టు చేస్తే సరిపోతుంది. ఆ హెచ్చరిక చూపే వరుస కంటే రెండు మూడు వరుసల పైన అసలు కారణం ఉండవచ్చునన్న ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. కష్టమంతా రెండో రకంతోనే. ఆ తప్పులు రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ నియమాల ప్రకారం తప్పులే కావు, రచయిత ఉద్దేశించిన దానికి భిన్నమైన మరో అర్థం వాటికి ఉంటుంది. అందువల్ల బిల్డ్, అంటే పేజీల తయారీ, సాఫీగా పూర్తవుతుంది, పేజీ మాత్రం చెడిపోతుంది. వాటిని పట్టుకోవాలంటే మూలాన్నీ, తయారైన పేజీనీ పక్కపక్కన పెట్టుకుని చదవడం తప్ప మార్గం లేదు.

వాటిలో అన్నిటికంటే తరచుగా కనిపించేది ఒంటి బ్యాక్‌టిక్ (` గుర్తు). మార్క్‌డౌన్ అనే మరో మార్కప్‌కు అలవాటుపడిన చేయి కోడ్‌ను `లెన్` అని రాస్తుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో కోడ్‌కు జంట బ్యాక్‌టిక్‌లు ఉండాలి: ``లెన్``. ఒంటి బ్యాక్‌టిక్‌ల మధ్య ఉన్నదాన్ని అది ‘రోల్ చెప్పని పదం’గా (రోల్ అంటే ఆ పదం ఏ రకమో చెబుతూ దాని ముందుండే పేరు) తీసుకుని, సాధారణంగా వాలు అక్షరాల్లో చూపిస్తుంది. దీన్ని చూడగానే ఫైలంతటా ఒంటివాటిని జంటలుగా మార్చేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేయకూడదు, ఎందుకంటే అక్కడ ఉండవలసినది ఏమిటన్నది ఆ పదాన్ని బట్టి మారుతుంది. అది డాక్యుమెంటేషన్‌లో వివరణ ఉన్న ఫంక్షన్ అయితే, :ఫంక్:`లెన్` అని రోల్‌తో రాస్తే కోడ్ అక్షరాల్లో కనబడడమే కాక ఆ ఫంక్షన్ వివరణకు లింకు కూడా ఏర్పడుతుంది; క్లాసులకు, మెథడ్లకు, మాడ్యూళ్లకు, ఎక్సెప్షన్లకు ఇలాగే వేరువేరు రోల్‌లు ఉన్నాయి. అది వివరిస్తున్న ఫంక్షన్‌కు ఇచ్చే పారామీటర్ పేరు అయితే, పైథాన్ డాక్యుమెంటేషన్ సంప్రదాయం ప్రకారం ఒంటి నక్షత్రాల మధ్య వాలు అక్షరాల్లో ఉండాలి. విలువో, చిన్న కోడ్ ముక్కో అయినప్పుడే జంట బ్యాక్‌టిక్‌లు సరైనవి.

రోల్‌లు వాడేటప్పుడు రెండు చిన్న గుర్తులు పనికివస్తాయి. పేరుకు ముందు ~ పెడితే లింకు పూర్తి పేరుకే వెళుతుంది కానీ పేజీలో చివరి భాగం మాత్రమే కనిపిస్తుంది. ! పెడితే లింకు ఏర్పడదు. ఒకే ఫంక్షన్ పేరు ఒక పేరాలో నాలుగుసార్లు వచ్చినప్పుడు నాలుగింటికీ లింకులుండడం చదివేవారికి చికాకే తప్ప ఉపయోగం కాదు కనుక, మొదటిదానికి లింకు ఉంచి మిగతావాటికి ! వాడడం మేలు.

బ్యాక్‌టిక్ తప్పు అక్షరాల రూపాన్ని చెడగొడితే, ఇప్పుడు చెప్పబోయేది విషయాన్నే మాయం చేస్తుంది. గమనిక పెట్టెను ఇలా రాయాలి:

.. నోట్::

   ఈ ఫంక్షన్ ఫైలును తిరిగి అడగకుండా తొలగిస్తుంది.

ఇందులో రెండో కోలన్ పడిపోయి ‘.. నోట్:’ అని మిగిలితే, రెండు చుక్కలతో మొదలై మరే రూపానికీ సరిపోలని ప్రతిదానిలాగే ఇది కూడా వ్యాఖ్యగా మారిపోతుంది. వ్యాఖ్య పేజీలోకి రాదు. దాని కింద ఇండెంట్ చేసిన పేరాలు కూడా దానితో పాటే పోతాయి. వ్యాఖ్య రాయడం తప్పు కాదు కనుక స్ఫింక్స్ ఏమీ అనదు. భద్రతకు సంబంధించిన హెచ్చరిక ఒకటి ఈ విధంగా కనబడకుండా పోయిందంటే నష్టం చిన్నది కాదు. స్ఫింక్స్‌లింట్‌ను నడిపించడానికి ఇదొక్కటే చాలినంత కారణం. ఒంటి కోలన్‌తో ఉన్న డైరెక్టివ్‌లను (‘.. నోట్::’ వంటి ఆదేశాలను), రోల్ లేని ఒంటి బ్యాక్‌టిక్‌లను అది వెతికి పట్టుకుంటుంది.

ఇండెంట్, అంటే వరుస మొదట్లో వదిలే ఖాళీల విషయంలో పైథాన్ డాక్యుమెంటేషన్ మూడు ఖాళీలను పాటిస్తుంది. కోడ్‌లో నాలుగు రాసే అలవాటున్నవారికి ఇది వింతగా తోస్తుంది కానీ, రెండు చుక్కలు, ఒక ఖాళీ కలిపి మూడు కాబట్టి డైరెక్టివ్ పేరు కిందనే దాని విషయం నిటారుగా మొదలవుతుంది. పేరాను పొరపాటున ఒక్క ఖాళీ లోపలికి జరిపినా అది ఉద్ధరణగా మారి పక్కకు జరిగిపోతుంది. కోడ్ నమూనాల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. పేరా చివర :: పెట్టి, ఒక వరుస ఖాళీ వదిలి, ఆ తరువాత ఇండెంట్‌తో కోడ్ రాయాలి, పేజీలో ఆ రెండు కోలన్ల స్థానంలో ఒకటే కనిపిస్తుంది. మధ్యలోని ఖాళీ వరుసను మరిచిపోతే, పై పేరా ఒకే వరుస అయినప్పుడు అది ఒక పదంగానూ, కోడ్ దానికి నిర్వచనంగానూ మారి, కోడ్ వరుసలన్నీ కలిసిపోయి ఒకే పేరాగా కనిపిస్తాయి. దీనికి కూడా బిల్డ్‌లో మామూలుగా హెచ్చరిక రాదు. ఇక :: తరువాత వచ్చేదాన్ని పైథాన్ కోడ్‌గానే భావించి రంగులు వేస్తారు కనుక, అక్కడ ఉన్నది సీ భాషో, షెల్ ఆదేశమో, ఉత్త ఔట్‌పుటో అయితే ‘కోడ్‌బ్లాక్’ డైరెక్టివ్ వాడి భాష పేరు చెప్పాలి.

నక్షత్రాలు, లింకులు అంత లోతైన విషయాలు కావు. వాక్యం మధ్యలో *ఆర్గ్స్ అని విడిగా రాస్తే, ఆ నక్షత్రం వాలు అక్షరాలకు ఆరంభమనుకుని ముగింపు దొరకలేదని స్ఫింక్స్ హెచ్చరిస్తుంది. ``*ఆర్గ్స్`` అని జంట బ్యాక్‌టిక్‌లలో పెడితే సరి. జంట బ్యాక్‌టిక్‌ల లోపల బ్యాక్‌స్లాష్ వేయవద్దు, వేస్తే అది కూడా పేజీలో కనిపిస్తుంది. మార్క్‌డౌన్ పద్ధతిలో చదరపు బ్రాకెట్లతో రాసిన లింకు ఇక్కడ లింకు కాదు, బ్రాకెట్లతో సహా అచ్చవుతుంది. సరైన రూపం `పేరు <చిరునామా>`_ అన్నది. < కు ముందు ఖాళీ తప్పనిసరి, చివరి అండర్‌స్కోర్ కూడా తప్పనిసరి. ఒకే పేరుతో రెండు వేరువేరు చిరునామాలకు లింకులు ఇచ్చినప్పుడు హెచ్చరిక వస్తే, చివర రెండు అండర్‌స్కోర్లు వేయాలి.

తెలుగులో డాక్యుమెంటేషన్ రాసేవారికి, అనువదించేవారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. పైథాన్ డాక్యుమెంటేషన్ అనువాదాలకు 2017లో వచ్చిన పెప్ 545 (పెప్ అంటే పైథాన్ మెరుగుదల ప్రతిపాదన) ఒక పద్ధతిని ఏర్పరచింది. అనువాదకులు ఒక్కొక్క పేరానూ పీవో ఫైళ్లలో (మూల వాక్యం, దాని అనువాదం జంటగా ఉండే ఫైళ్లలో), మార్కప్ చెడకుండా తమ భాషలో తిరిగి రాస్తారు. మన భాషలో విభక్తులు పదానికి అతుక్కుని వస్తాయి కనుక ``ప్రింట్``ను అని రాయడం మనకు సహజం. కానీ మార్కప్ ముగింపు తరువాత ఖాళీ గానీ విరామచిహ్నం గానీ ఉంటేనే అది ముగింపుగా లెక్కకు వస్తుందన్నది రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ నియమం. ‘ను’ అతుక్కుని ఉన్నందువల్ల ముగింపు గుర్తింపు పొందదు, మొదలైన మార్కప్ ముగియలేదన్న హెచ్చరిక వస్తుంది. పేరుకు, విభక్తికి మధ్య ఖాళీ వదలడం ఒక ఉపాయమే కానీ, చదవడానికి అది ఎబ్బెట్టుగా ఉంటుంది. సరైన పరిష్కారం బ్యాక్‌స్లాష్, దాని వెంట ఒక ఖాళీ:

``ప్రింట్``\ ను

ఈ రెండూ మార్కప్‌కు హద్దు చూపించి, పేజీలో కనబడకుండా పోతాయి. లిపి కలవకుండా ఉండడానికి మనం వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఇక్కడ పనికిరాదు, అది ఖాళీ కిందా రాదు, విరామచిహ్నం కిందా రాదు. ఇదే వాక్యం పైథాన్ కోడ్‌లోని డాక్‌స్ట్రింగ్‌లో (కోడ్‌లోనే రాసే వివరణలో) ఉన్నట్లయితే, బ్యాక్‌స్లాష్ గురించి పైథాన్ హెచ్చరించకుండా ఉండేందుకు ఆ స్ట్రింగ్‌ను రా స్ట్రింగ్‌గా (బ్యాక్‌స్లాష్‌ను మామూలు అక్షరంగానే చూసే స్ట్రింగ్‌గా) ప్రకటించాలి. తెలుగు శీర్షికల కింది గీత విషయంలో, ఒత్తులు, గుణింతాల వల్ల కంటికి కనిపించే వెడల్పూ సాధనం లెక్కించే వెడల్పూ ఒకటి కావు కాబట్టి, గీతను ధారాళంగా పొడవు ఉంచడమే క్షేమం. పొడవు ఎక్కువైతే ఏ ఇబ్బందీ లేదు.

దిద్దడం పూర్తయ్యాక ఏం పంపాలన్నది కూడా ఆలోచించవలసిందే. మార్కప్ సవరణలో వాక్య సవరణను కలపవద్దు. పేరాలోని ఒక గుర్తును మార్చి, వరుసలన్నింటినీ మళ్లీ సమంగా విరిస్తే, సమీక్షించేవారికి అసలు మార్పు ఏదో అంతుపట్టదు. వరుస కాస్త పొడవైనా, పొట్టిగా మిగిలినా అలాగే వదిలేయడం మంచిది. ఇంకో సంగతి కొత్తవారు సాధారణంగా ఊహించరు: ఇంగ్లిష్ పేరాలో ఒక బ్యాక్‌టిక్ మారినా అనువాదాల దృష్టిలో అది మారిన పేరాయే కనుక, ప్రతి భాషలోనూ ఆ పేరాను ఎవరో ఒకరు మళ్లీ పరిశీలించవలసి వస్తుంది. అందువల్ల పేజీలో తేడా చూపని అలంకార మార్పులను, అంటే సొంత అభిరుచి కొద్దీ చేసే మార్పులను, పంపకపోవడమే సబబని నా అభిప్రాయం.

పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) తెరిచినప్పుడు, మొదటిసారి అయితే కంట్రిబ్యూటర్ ఒప్పందంపై సంతకం చేయమని అడుగుతారు. ఇంత చిన్న సవరణకు విడిగా ఇష్యూ తెరవనక్కరలేదు, మార్పుల చిట్టాలో నమోదూ అక్కరలేదు. ఏ పేజీలో ఏది తప్పుగా కనిపించింది, ఇప్పుడు ఎలా కనిపిస్తుంది అన్నది రెండు వాక్యాల్లో రాస్తే చాలు. కొద్ది నిమిషాల్లో రీడ్ ద డాక్స్‌లో తయారైన నమూనా పేజీ లింకు పుల్ రిక్వెస్ట్‌లోనే కనిపిస్తుంది. దాన్ని తెరిచి, మీరు దిద్దిన చోటునే కాక, దానికి పైనా కిందా ఉన్న పేరాలను కూడా చూడండి. సరిచేసిన ఇండెంట్ పక్క జాబితాను విరిచేయడం అరుదేమీ కాదు. మార్పు మెయిన్‌లో చేరాక, ప్రస్తుతం నిర్వహణలో ఉన్న పాత వెర్షన్లకు దాన్ని పంపవలసి ఉంటే నిర్వాహకులు లేబుల్ పెడతారు, బాట్ ఆయా బ్రాంచిలకు విడివిడిగా పుల్ రిక్వెస్ట్‌లు తెరుస్తుంది. పాత బ్రాంచిలో ఆ పేరా వేరుగా ఉంటే బాట్ చేతులెత్తేస్తుంది. అప్పుడు చెర్రీ పికర్ అనే సాధనంతో ఆ మార్పును మీరే ఆ బ్రాంచికి తీసుకువెళ్లి, అక్కడ మళ్లీ ‘మేక్ చెక్’ నడిపి పంపాలి.