పాత ఫియట్ ఇంజన్ మనమే కట్టుకుందాం – 4వ పాఠం: ముందు పిస్టన్, తర్వాతే బోరింగ్

పోయిన పాఠంలో సిలిండర్లు నాలుగూ డయల్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకోమన్నా కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. మన బండి ప్రీమియర్ పద్మిని, అంటే పాత ఫియట్ 1100 ఇంజనే, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం) 75, మొత్తం 1089 సీసీ.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. బ్లాకు, అంటే సిలిండర్లున్న ఇంజన్ దిమ్మ, ఆటోలో వేసుకుని, అరిగిన సిలిండర్లని మెషీన్‌తో చెక్కి వెడల్పు చేసే బోరింగ్ షాపుకెళ్లి "అన్నా, 50 సైజుకి కొట్టేయ్" (అంటే 0.50 మిల్లీమీటరు పెద్దది చెయ్యమని) అనేసి ఆ తర్వాత పిస్టన్లు వెతకడం మొదలెడతారు. ఏ షాపులో అడిగినా సామాను దొరికే బండికైతే అది నడుస్తుందేమో గానీ పద్మినికి నడవదు, ఎందుకంటే కొట్టేసిన బోరుకి మళ్లీ ఇనుము అతికించలేం, తీరా బజారుకెళ్తే 0.50 ఉండదు, 0.75 మాత్రమే ఉంటుంది, అప్పుడు రెండోసారి కొట్టించుకోవాలి. అందుకే పిస్టన్లు నాలుగూ చేతికొచ్చేదాకా బ్లాకు షెడ్డు దాటకూడదు.

ముందు కనీసం ఎంత సైజు కావాలో చూద్దాం. మీ కాగితంలో బాగా అరిగిన చోట 68.17 వచ్చిందనుకోండి. 0.25 ఓవర్‌సైజు అంటే బోరు 68.25, ఇంకా 0.08 ఉంది కదా సరిపోద్దిలే అనిపిస్తుంది. సరిపోదు. సిలిండరు చుట్టూ సమానంగా అరగదు, పిస్టన్ గట్టిగా ఒరుసుకునే పక్కే ఎక్కువ అరుగుతుంది. ఆ 0.17 అంతా ఒకే పక్కన ఉందంటే, బోరింగ్ పాత సెంటర్ మీదే చెయ్యాలి కాబట్టి ఈ పక్క 0.17 తియ్యాలంటే అవతల పక్క కూడా 0.17 పోతుంది, అంటే 68.34. 68.25 దగ్గర ఆపేస్తే అరిగిన పక్కన టూలు తగలకుండా పాత గీతలు అలాగే ఉండిపోతాయి. కాబట్టి 0.50. ఒక్క సిలిండరే అరిగినా నాలుగూ అదే సైజుకి కొట్టించాలి.

కొందరు ఎలాగూ కొట్టిస్తున్నాం కదా అని నేరుగా 1.00 కి పోతారు. లెక్కేస్తే 1122 సీసీ వస్తుంది, ఆ 33 సీసీ తేడా ఘాట్ రోడ్డు మీద కూడా మీకు తెలియదు, కానీ మళ్లీ బోరింగ్ అవసరమైతే సిలిండర్లోకి స్లీవు, అంటే కొత్త ఇనప గొట్టం, వేయించడం తప్ప దారి ఉండదు. నేనైతే పనికొచ్చే వాటిల్లో చిన్న సైజే తీసుకుంటా.

ఇప్పుడు వేట. ముంబైలో నల్లా పసుపు టాక్సీలు తిరిగినన్నాళ్లూ ఈ పిస్టన్లకి గిరాకీ ఉండేది, 2023 అక్టోబరుతో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది, ఇప్పుడు అడిగేది మనలాంటి పాత బండి పిచ్చోళ్లే. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ పుత్లీబౌలి, చెన్నై జీపీ రోడ్డు, ముంబై ఒపేరా హౌస్, ఢిల్లీ కశ్మీరీ గేట్, ఇవన్నీ చూడాల్సినవే. కొత్త షాపుల్లో టైం వేస్టు, కౌంటర్లో పెద్దాయన కూర్చునే పాత షాపు పట్టుకోండి, పై అరల్లో దుమ్ము పట్టిన డబ్బాల్లో ఏముందో ఆయనకే తెలుస్తుంది. ఫోన్లో "ప్రీమియర్ పిస్టన్ ఉందా" అని మాత్రం అడక్కండి, ప్రీమియర్ వాళ్లదే ఇంకో కారు 118ఎన్‌ఈ ది పంపిస్తారు, అది నిస్సాన్ ఇంజన్, బోరు 73, మనకి అసలు సంబంధం లేదు. "పద్మిని పెట్రోలు, 68 బోరు" అని చెప్పండి. సైజులు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 ఉంటాయి, ఫియట్ లెక్కలో 0.2, 0.4, 0.6 కూడా ఉన్నాయి, కాబట్టి 0.50 లేదంటే వెంటనే 0.75 కి ఒప్పుకోకుండా 0.4 ఉందేమో అడగండి, 68.34 కావాల్సిన మన లెక్కకి 68.40 సరిగ్గా సరిపోతుంది.

డబ్బా దొరికింది కదా అని వెంటనే డబ్బులు తియ్యకండి. మైక్రోమీటరు జేబులో ఉండాలి. పిస్టన్ చూడ్డానికి గుండ్రంగా ఉన్నా నిజానికి కోలగా ఉంటుంది, పైభాగం ఇంకాస్త చిన్నది, అందుకే కొలత స్కర్టు (రింగుల కింది భాగం) దగ్గర, పిన్నుకి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే కడ్డీ) అడ్డంగా తియ్యాలి, కంపెనీ ఫలానా ఎత్తులో కొలవమని ఇచ్చి ఉంటే అక్కడే. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి అయ్యుండాలి, చిన్న తక్కెడ మీద పెడితే బరువు తేడా ఐదు గ్రాములు దాటకూడదు. రింగులు కూర్చునే గాడుల్లో తెల్లటి పొడి గోటికి తగిలిందంటే తేమకి అల్యూమినియం తినేసిందన్నమాట, ఆ సెట్టు పక్కన పెట్టేయండి.

వేరే బండి పిస్టన్ పడుతుందని ఎవరన్నా చెప్తే బోరు ఒక్కటే చూడకండి, పిన్ను లావు, పిన్ను సెంటర్ నుంచి తల దాకా ఎత్తు, తల ఆకారం, స్కర్టు పొడవు ఇవన్నీ కలవాలి. ఆ ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గినా ఒక్కో సిలిండర్లో 3.6 సీసీ ఖాళీ పెరిగి కంప్రెషన్ పడిపోతుంది, పెరిగితే వాల్వులకో హెడ్డుకో కొడుతుంది.

పిస్టన్లు వచ్చాక వాటిని బ్లాకుతో పాటే బోరింగ్ షాపులో ఇవ్వండి, డబ్బా మీద నంబరు చూసి కొట్టొద్దని గట్టిగా చెప్పండి. స్కర్టు 68.35 వచ్చి, పిస్టన్ కంపెనీ చెప్పిన క్లియరెన్సు (పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ) 0.05 అయితే ఫైనల్ బోరు 68.40, టూలుతో 68.35 దాకా తీసి మిగతా 0.05 హోనింగ్‌కి, అంటే చివర్లో రాళ్లతో సన్నగా రుద్దడానికి, వదలాలి. ఏ పిస్టన్ ఏ సిలిండరుదో మార్కరుతో తల మీద రాయించుకోండి.

వచ్చే పాఠం రింగుల గ్యాపు. అప్పటికి సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ ఒకటి, సన్నటి చిన్న ఆకురాయి ఒకటి తెచ్చిపెట్టుకోండి, రింగులు మాత్రం పిస్టన్ సైజువే అడగండి.