గొంతు గరగర, నాలుకపై పాచి వదలకపోతే ఏం చేయాలి?

వారాల తరబడి గొంతు గరగరలాడుతూ, నాలుకపై తెల్లగా పాచి పేరుకుంటుంటే చాలామంది నేరుగా మందుల షాపుకు వెళ్లి యాంటీబయాటిక్ కొని వేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇన్ని వారాలు సాగే గరగరకు చాలాసార్లు బ్యాక్టీరియా కారణం కాదు; పైగా యాంటీబయాటిక్ వల్లే నోట్లో ఫంగస్ పెరిగి, పాచి మరింత దట్టం కావచ్చు.

ముందుగా, ఉదయం పళ్లు తోముకోకముందే కిటికీ వెలుతురులో అద్దం పట్టుకుని నాలుకను చూసుకోండి. తర్వాత నాలుక బద్దతో గానీ, మన పెద్దలు చేసినట్టు నిలువునా చీల్చిన వేపపుల్లతో గానీ వెనుక నుంచి ముందుకు మెల్లగా గీయండి. పలుచని పాచి తేలిగ్గా వచ్చేసి అడుగున గులాబీ రంగు కనిపిస్తే, నోరు తెరిచి నిద్రపోవడం, నీళ్లు తక్కువ తాగడం, పొగతాగడం వంటివి కారణమై ఉండవచ్చు. పెరుగు తరకల్లాంటి మచ్చలు ఊడి, ఆ చోట ఎర్రగా మండుతుంటే ఫంగస్‌ను అనుమానించాలి. షుగర్ అదుపులో లేనివారికి, కట్టుడు పళ్లవారికి, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారికి ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి, ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి.

ఎంత గీసినా రాని తెల్లమచ్చ ఉంటే, ముఖ్యంగా గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవారు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్టను నిప్పున్న కొస నోట్లో ఉండేలా పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు నిప్పు సెగ తగిలేది అంగిలికే గనుక, నాలుకతో పాటు అంగిలిని కూడా తప్పక చూపించుకోవాలి.

ఇక గొంతు సంగతి. గరగర ఎప్పుడు పెరుగుతుందో రెండు వారాలు ఒక పుస్తకంలో రాసుకోండి. ముక్కు నుంచి కఫం గొంతులోకి జారుతున్నట్టుంటే అలర్జీయో సైనసో కావచ్చు. భోజనం తర్వాతో, పడుకున్నప్పుడో పెరిగి, పొద్దున గొంతు బొంగురుపోతుంటే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతూ ఉండవచ్చు; దీనికి ఛాతీలో మంట ఉండి తీరాలనేమీ లేదు. ఇలాంటివారు నిద్రకు 3 గంటల ముందే భోంచేసి, మంచం తలవైపు కోళ్ల కింద 6 అంగుళాల ఎత్తు వచ్చేలా ఇటుకలు పెట్టుకోవాలి. తలగడలు ఒకదానిపై ఒకటి వేస్తే నడుము వంగి పొట్టపై ఒత్తిడి పెరుగుతుంది. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవారిలో కొందరికి పొడిదగ్గు, గొంతులో దురద వస్తాయి. అయినా మాత్రలు సొంతంగా ఆపకుండా, మార్చమని డాక్టరును అడగాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే ఉపశమనం దొరుకుతుంది, కానీ కారణం అలాగే ఉంటుంది.

గొంతు బొంగురు 3 వారాలు దాటినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఈఎన్‌టీ డాక్టరును కలవండి. వాడుతున్న మాత్రల అట్టలు, ఇన్‌హేలర్, రాసుకున్న పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఆ రోజు ఉదయం మాత్రం నాలుక గీసుకోకుండా వెళ్లండి, పాచి ఎలా ఉందో డాక్టరు స్వయంగా చూడగలుగుతారు.