రెండోసారి బ్యాంక్రప్సీ వేసే ముందు ఈ తేదీలు చూసుకోండి

టెక్సాస్‌లో హోమ్ లోన్ కట్టలేకపోతున్నవాళ్లకి నెలలో మొదటి మంగళవారం వస్తోందంటే గుండె దడ. కౌంటీలో ఇళ్ల వేలం జరిగేది ఆ రోజే, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు. ఉద్యోగం పోయి, ఆ రోజు దగ్గరపడేసరికి "ముందు ఒక బ్యాంక్రప్సీ (దివాలా) కేసు పడేద్దాం, మిగతాది తర్వాత చూసుకుందాం" అనే మనవాళ్లు కనిపిస్తున్నారు. దయచేసి అలా తొందరపడకండి.

వేలం ఆగుతుందన్న మాట నిజమే. కేసు వేయగానే ఆటోమేటిక్ స్టే, అంటే వేలం, వసూళ్లు తాత్కాలికంగా ఆపే ఆదేశం వస్తుంది, చాప్టర్ 13 (వాయిదాల్లో బాకీ తీర్చే రకం బ్యాంక్రప్సీ) అయితే పాత బాకీ 3 నుంచి 5 ఏళ్లలో తీర్చుకోవచ్చు. కానీ మొదటి పేమెంట్ 30 రోజుల్లోపే మొదలవ్వాలి, కోర్టు ఇంకా ప్లాన్ ఒప్పుకోకపోయినా సరే. అది కట్టకపోయినా, కాగితాలు ఇవ్వకపోయినా, ట్రస్టీ (కేసు పర్యవేక్షించే వ్యక్తి) మీటింగ్‌కి వెళ్లకపోయినా కేసు డిస్మిస్ అయ్యే (కోర్టు కొట్టేసే) ప్రమాదం ఉంది. అసలు చిక్కు అక్కడి నుంచే.

2005లో మార్చిన చట్టం ప్రకారం, ఒక కేసు డిస్మిస్ అయిన ఏడాదిలోపు ఇంకోటి వేస్తే స్టే 30 రోజులే. పొడిగించమని మోషన్ (కోర్టుకి అర్జీ) వేస్తే సరిపోదు, హియరింగ్ కూడా ఆ 30 రోజుల్లోనే పూర్తవ్వాలి, అందుకే కేసుతో పాటే ఆ మోషన్ కూడా వేయించండి. కొత్త ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చూపించేవన్నీ దగ్గర పెట్టుకోండి. 30 రోజులు దాటాక స్టే ఎంతవరకు పోతుందన్న దానిమీద కోర్టులది తలోమాట, 2018లో మొదటి సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఒకలా చెబితే 2019లో టెక్సాస్ ఉన్న ఐదో సర్క్యూట్ ఇంకోలా చెప్పింది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఏడాదిలో రెండు డిస్మిస్ అయ్యి మూడోది వేస్తే స్టే అసలు రాదు, జడ్జి ఆర్డర్ ఇచ్చేదాకా బ్యాంకు వేలం వేసుకోవచ్చు.

ఏడాది లెక్క దగ్గరే చాలామంది పొరపడతారు. చూడాల్సింది పాత కేసు వేసిన తేదీ కాదు, ముగిసిన తేదీ. 2024 మార్చిలో వేసింది 2025 జూన్‌లో డిస్మిస్ అయితే, 2026 ఏప్రిల్‌లో మళ్లీ వేసినా అది లెక్కలోకి వస్తుంది. ఒక ఫ్రెండ్ ఇంట్లో పోపుల డబ్బా వెనక విప్పని కవర్ల కట్ట చూశాను. అందులో ఒకటి డిస్మిస్ ఆర్డర్, వచ్చి మూడు వారాలైంది, అతనేమో కేసు ఇంకా నడుస్తోందనే అనుకుంటున్నాడు. కోర్టు నుంచి, ట్రస్టీ నుంచి వచ్చే ప్రతి కవరూ ఆ రోజే విప్పండి, ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే.

బ్యాంకు స్టే తీసేయమని అడిగాక మీరే కేసు వెనక్కి తీసుకుంటే 180 రోజులదాకా కొత్త కేసు వేయనివ్వకపోవచ్చు. ఇంట్లో కొంత వాటా వేరేవాళ్ల పేర రాసి వాళ్లచేత కేసు వేయిస్తే వేలం ఆగుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వాళ్లకి ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. బ్యాంకుని మోసం చేయడానికే ఇదంతా అని కోర్టు తేల్చి ఇచ్చిన ఆర్డర్ కౌంటీ రికార్డుల్లో నమోదైతే 2 ఏళ్లపాటు ఆ ఇంటినే పట్టుకుంటుంది, భర్త వేసినా భార్య వేసినా ఆ ఇంటికి స్టే రాదు.

అందుకే కేసుకంటే ముందు సర్వీసర్‌కి (మీ లోన్ కిస్తీలు వసూలు చేసే సంస్థకి) లోన్ మాడిఫికేషన్ (లోన్ షరతులు మార్చమనే) అప్లికేషన్ మొత్తం కాగితాలతో, వేలానికి 37 రోజులకంటే ముందే చేరేలా పంపండి. వాళ్లు తేల్చేదాకా మామూలుగా వేలం వేయకూడదు. అదీ కుదరకపోతే ఈ వారమే బ్యాంక్రప్సీ అటార్నీని కలిసి పాత కేసుల నంబర్లన్నీ దాచకుండా చెప్పండి, ఎందుకంటే వేలంలో ఇల్లు అమ్ముడైపోయాక చాప్టర్ 13లో బాకీ కట్టి దక్కించుకునే హక్కు ఉండదు.