ఖాళీ ఇళ్ల కళా ప్రదర్శన – 4వ పాఠం: కిటికీలో వెలుగు

పోయిన పాఠంలో వీధివాళ్లతో మాట్లాడి, యజమానుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఇళ్లను ఎంచుకున్నాం. ఇక కిటికీల పని.

మనకు నమూనా 'బ్రీతింగ్ లైట్స్' అనే ప్రదర్శన. కళాకారుడు ఆడమ్ ఫ్రెలిన్, ఆర్కిటెక్ట్ బార్బరా నెల్సన్ 2016 అక్టోబరు, నవంబరు నెలల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ, స్కెనెక్టడీ, ట్రాయ్ ఊళ్లలో దీన్ని పెట్టారు. సాయంత్రమయ్యేసరికి వందలాది ఖాళీ ఇళ్ల కిటికీల్లో వెలుగు ఊపిరిలా పెరిగేది, తగ్గేది. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు పాడుబడ్డాయో నడిచి వెళ్లేవాళ్లకి కళ్లకు కట్టినట్టు తెలిసేది. లెక్కలు రాసిన బోర్డులకన్నా ఇదే నయమని నా అభిప్రాయం.

జనం రోడ్డు మీదే నిలబడి చూస్తారు. లోపల నేల కుళ్లి ఉండొచ్చు. పైగా అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్ల పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అందుకే గోడకి మేకు కొట్టొద్దు, పెయింటు గీకొద్దు. కిటికీ వెనక విడిగా నిలబడే చెక్క ఫ్రేము చేయించండి. దానికి పల్చటి తెల్లగుడ్డ బిగించి, అడుగు దూరంలో వెనక వెచ్చటి రంగు ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టండి. మరీ దగ్గరైతే వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించి పెళ్లి పందిరిలా ఉంటుంది.

ఇంట్లో కరెంటు ఉండదు కాబట్టి బ్యాటరీ లెక్క తప్పనిసరి. మీటరుకి 4.8 వాట్ల స్ట్రిప్ 4 మీటర్లు వాడితే 19.2 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 1.6 ఆంపియర్లు. వెలుగు పెరిగి తగ్గుతుంది కాబట్టి సగటున సగం, 0.8 అనుకుందాం. 4 గంటలకి 3.2 ఆంపియర్-అవర్లు (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచేది ఇందులోనే). లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. ఆ లెక్కన 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సరిపోవాలి గానీ, చలికి బ్యాటరీ శక్తి పడిపోతుంది. 12 ఆంపియర్-అవర్లది కొనండి, టెన్షన్ ఉండదు. బ్యాటరీ ప్లస్ తీగకి 3 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం మర్చిపోకండి.

వెలుగు పెంచి తగ్గించడానికి ఆర్డునో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు), ఒక మాస్‌ఫెట్ (స్ట్రిప్‌కి వెళ్లే కరెంటుని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) చాలు. అయితే ఆర్డునో పంపే వెలుగు విలువను సమానంగా పెంచుకుంటూ పోతే కంటికి మొదట్లోనే గబుక్కున వెలిగినట్టుంటుంది. 0 నుంచి 1 దాకా పెరిగే విలువని దానితోనే గుణించి పంపండి, మెత్తగా వస్తుంది. పెరగడానికి 4 సెకన్లు, తగ్గడానికి 6 ఇచ్చి చూడండి. ఒకే ఇంటి కిటికీలన్నీ ఒకేసారి వెలగాలి, లేకపోతే షాపు లైట్లనుకుంటారు.

అభ్యాసం: మీ ఇంట్లోనే ఒక కిటికీకి ఇది అమర్చి, రాత్రి రోడ్డు అవతల నిలబడి చూడండి. వీధి దీపం వెలుగులో తేలిపోతుంటే ఆ కిటికీని ప్రదర్శనలోంచి తీసేయడమే మంచిది. వచ్చే పాఠంలో పక్కింటివాళ్ల నిద్ర చెడకుండా టైమర్ పెట్టడం నేర్చుకుందాం.