సి4 బిషప్‌ను వెనక్కి తిప్పే చిట్కా

చదరంగంలో మనం నల్లపావులతో ఆడుతుంటే ఎదుటివారు రెండో ఎత్తులోనే బిషప్‌ను (ఏటవాలుగా నడిచే పావును) సి4 గడికి, అంటే సి నిలువు వరుసలోని నాలుగో గడికి, తెచ్చి మన ఎఫ్7 బంటుపై గురిపెట్టడం హన్మకొండలో మా ఆదివారపు ఆటల్లో నిత్యం ఎదురయ్యే చికాకు. వారి మొదటి ఎత్తు ఇ4 బంటుకు జవాబుగా సి5 బంటు ఆడి, అంటే సిసిలియన్ రక్షణను ఎంచుకొని, బిషప్ రాగానే ఇ6 బంటుతో దాని దారి మూసి, గుర్రాన్ని ఎఫ్6లో నిలిపి, ఆపై డి5 బంటును తోస్తే ఆ బిషప్ మళ్లీ కదలక తప్పదు. వారు బంటును ఇ5కు తోసి మన గుర్రాన్ని బెదిరించినా జంకకుండా డి5 ఆడవచ్చు. వారు గుర్రాన్ని తీసుకుంటే మనం బిషప్‌ను తీసుకుంటాము. మొన్న నల్లపావులతో ఇలాగే గెలిచాను. అయితే తెల్లగుర్రం సి3లో ఉన్నప్పుడు ఎఫ్6లో మన గుర్రం లేకుండా డి5 తోయవద్దు, బంటు ఊరికే పోతుంది.