తుఫాను వెలిశాక ఉప్పెన ఎత్తును కొలవడం: గోదావరి డెల్టా క్షేత్ర బృందాలకు సూచనలు

ఉప్పెన ఎంత ఎత్తుకు లేచిందో చెప్పే సాక్ష్యం గోడల మీద, తలుపుల వెనక కొద్ది రోజులే మిగులుతుంది. ఒక్క గట్టి వాన పడితే బురద చార చెరిగిపోతుంది. ఇంటివారు గోడలు కడుక్కుంటే అదీ ఉండదు, కడగవద్దని వారిని కోరడం న్యాయమూ కాదు. అందుచేత దారులు తెరుచుకున్న రోజే బృందం బయలుదేరాలి. ఎత్తుల లెక్క తరువాత కట్టుకోవచ్చు గాని, గుర్తు పెట్టడాన్ని మాత్రం వాయిదా వేయరాదు. తెగిపడిన కరెంటు తీగలు, గట్లెక్కిన పాములు ఉంటాయి కనుక ఎవరూ ఒంటరిగా నీటిలోకి దిగకూడదు.

నమ్మదగిన గుర్తు నీరు అలజడి లేకుండా నిలిచిన చోటే దొరుకుతుంది. తలుపులు మూసి ఉన్న బడి గది, పంచాయతీ కార్యాలయం, ఇంటి లోపలి గది ఇందుకు అనువైనవి. వరిపొట్టు, గడ్డి గింజలు, సరుగుడు ఆకుల తునకలు గోడకు ఒకే మట్టంలో అంటుకుని కనిపిస్తే అది మేలైన చార. తడి మరకను మాత్రం కొలవకండి. వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక గోడ నీటిని పైకి పీలుస్తుంది కాబట్టి మరక అసలు మట్టం కన్నా ఎత్తుకు పోతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి ఒడ్డు ఊళ్లలో కంచెలకు, కొబ్బరి చెట్లకు చిక్కిన చెత్త అలల విసురును కూడా కలుపుకొని ఉంటుంది. దానిని వదిలేయనక్కరలేదు, కాని లోపలి గుర్తులతో కలపకుండా వేరుగా రాయాలి. ప్రతి చోటా కనీసం రెండు గుర్తులు వెతకండి. రెండూ సరిపోలకపోతే సగటు కట్టక, తేడా ఎందుకొచ్చిందో చూడండి.

గుర్తు పక్కన చెరగని రంగుతో గీత గీసి, తేదీ, సంఖ్య రాసి, కొలబద్ద ఆనించి దగ్గర నుంచి ఒకటి, భవనమంతా కనిపించేలా దూరం నుంచి ఒకటి ఫోటో తీయాలి. ఆ గుర్తు ఎంత నమ్మదగినదో అక్కడికక్కడే రాసుకోవాలి. ఆఫీసుకు వచ్చాక రాసే అభిప్రాయానికి అంత విలువ ఉండదు.

డెల్టాలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న, ఆ నీరు ఎక్కడిదన్నది. తుఫాను వేళ సముద్రం నది మొగల గుండా, మురుగు కాలువల గుండా లోపలికి ఎగదన్నుతుంది; అదే సమయంలో పొలాల్లో పడిన వాన బయటికి పోలేక వెనక్కి నిలుస్తుంది. అందుకే ఒడ్డుకు మైళ్ల దూరంలో ఉన్న ఊరు కూడా ఉప్పెన నీటిలో మునగవచ్చు, ఒడ్డున ఉన్న పల్లం కేవలం వాన నీటిలో మునగవచ్చు. మిగిలిన గుంటల్లో ఉప్పదనాన్ని మీటరుతో కొలవండి. అయితే రొయ్యల చెరువు గట్టు తెగి ఉంటే అక్కడి ఉప్పు సముద్రానిది కాకపోవచ్చు కనుక చుట్టూ చెరువులున్నాయో లేదో తప్పక రాయాలి. నీరు ఏ దిక్కు నుంచి, ఏ వేళకు వచ్చిందో ఊరివారినే అడగండి. ముందుగా వారి క్షేమం విచారించి, వారు చెప్పదలచుకున్నదంతా విని, ఆ తరువాతే ప్రశ్నలు వేయండి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానును చూసిన పెద్దలు అప్పటి మట్టాన్ని గోడ మీద చేతితో చూపగలరు; దానిని కూడా విడిగా నమోదు చేయడం మంచిది.

నేల నుంచి నాలుగడుగులు అన్న కొలత లోతు మాత్రమే, మట్టం కాదు. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్ మార్కు (సముద్రమట్టం నుంచి ఎత్తు ముందే నిర్ణయించి పెట్టిన గుర్తు) నుంచి లెవెలింగు చేసి, అంటే ఎత్తుల తేడాను అంచెలంచెలుగా కొలుచుకుంటూ వెళ్లి, తిరిగి అదే బెంచ్ మార్కుకు వచ్చి ముగించినప్పుడే అది సగటు సముద్రమట్టానికి ముడిపడుతుంది. ఉపగ్రహ పరికరం చూపే ఎత్తు దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి గణితంతో ఊహించిన నునుపైన రూపం) మీది ఎత్తు; మన తీరంలో అది సముద్రమట్టపు ఎత్తుకు పదుల మీటర్ల తేడాలో ఉంటుంది కనుక జియాయిడ్ (సగటు సముద్రమట్టం నేల కింద కూడా సాగినట్టు ఊహించిన ఉపరితలం) సవరణ లేకుండా వాడరాదు.

ఇలా వచ్చిన మట్టంలో పోటు కూడా కలిసే ఉంటుంది. తుఫాను లేకపోయినా ఆ గంటకు రావలసిన నీటిమట్టాన్ని ఓడరేవు పోటుపాటుల పట్టిక నుంచి తీసుకుని తీసివేస్తేనే ఉప్పెన విడిగా తేలుతుంది. ఆ పట్టిక ఎత్తులు చార్ట్ డేటమ్ (నీరు బాగా తగ్గినప్పటి మట్టానికి దగ్గరగా పెట్టుకున్న ఆధార మట్టం) నుంచి లెక్కించినవి. తీసివేతకు ముందు వాటిని సగటు సముద్రమట్టానికి మార్చుకోండి. నీరు పతాక స్థాయికి చేరిన గంట తెలియని గుర్తుకు ఈ తీసివేత చేయకుండా, మొత్తం మట్టాన్నే నివేదించాలి.