ప్రోటోటైప్ ఫోన్‌లో మొరాయిస్తోందా? ముందు లేయర్లు చూడండి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మేవాళ్లు ఆ రోజు దొరికిన సరుకు, ధర ఫోన్‌లో పెడితే, ఊళ్లోవాళ్లు ఇంటి నుంచే ఆర్డర్ చేసుకునే యాప్ ఒకటి మేం ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో తయారుచేస్తున్నాం. లాప్‌టాప్‌లో ప్రోటోటైప్, అంటే నొక్కి చూసే నమూనా, చక్కగా నడిచింది. హార్బర్‌కి తీసుకెళ్లి ఒక అమ్మ చేతిలో ఫోన్ పెడితే రెండో తెరలోనే ఆగిపోయింది. తనకే చేతకాలేదేమో అని ఆవిడ మొహమాటపడింది. లోపం ఆవిడది కాదు, మేం ఫైలు కట్టిన తీరులో ఉంది. అప్పుడు పట్టుకున్నవే ఇవన్నీ.

బటన్ నొక్కినా ఏమీ కావడం లేదు

నొక్కకూడని చోట నొక్కితే, నొక్కదగిన చోట్లు నీలంగా ఒకసారి మెరుస్తాయి. ఆ మెరుపును గమనించండి. మా ఫైల్లో బటన్ మొత్తం కాకుండా 'చేర్చు' అన్న మాట మాత్రమే మెరిసింది. నొక్కితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే కనెక్షన్‌ను బటన్ ఫ్రేమ్‌కి (మిగతా భాగాలన్నీ ఇమిడే పెట్టెకి) కాకుండా, లోపలున్న టెక్స్ట్ లేయర్‌కి (మాట ఉన్న పొరకి) ఇచ్చామన్నమాట. మౌస్ బాణానికి ఆ కాస్త చోటు సరిపోతుంది, తడి వేలికి సరిపోదు. టెక్స్ట్ మీది కనెక్షన్ తీసేసి బయటి ఫ్రేమ్‌కి ఇవ్వండి. ఆండ్రాయిడ్ డిజైన్ సూచనల ప్రకారం నొక్కే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉండాలి. చేపలు పట్టుకునే చేతులకి నేనైతే 56 పెడతాను.

ఎక్కడా ఏమీ మెరవకపోతే ఆ తెరకి కనెక్షనే లేదు. యాప్‌లోని ఒక్కో తెర ఫిగ్మాలో ఒక ఫ్రేమ్, ఫైల్లో ఫ్రేములు పరిచే చోటు పేజీ. ఒక పేజీలోని ఫ్రేమ్‌ను ఫిగ్మాలో వేరే పేజీలోని ఫ్రేమ్‌కి కలపలేరు. అందుకని ఒక ఫ్లోలోని, అంటే ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే, ఫ్రేములన్నీ ఒకే పేజీలో ఉంచండి.

చేపల జాబితా పైకి జరగడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. జాబితా ఎంత పొడవుంటే ఫ్రేమ్‌నూ అంతే పొడవు లాగేసి ఉంటారు. లోపలి సరుకు ఫ్రేమ్ దాటితేనే జరగడానికి ఏదైనా ఉంటుంది. జాబితా గ్రూపులో ఉంటే దాన్ని ఫ్రేమ్‌గా మార్చి, ఎత్తు తగ్గించి, ప్రోటోటైప్ ట్యాబ్‌లో ఓవర్‌ఫ్లో (ఫ్రేమ్ దాటిన సరుకు ఎటు జరగాలో చెప్పే సెట్టింగ్)ని 'వర్టికల్' చేయండి. కింది మెనూ కూడా జాబితాతో పాటు పైకి వెళ్లిపోతుంటే, దాని పొజిషన్‌ను 'ఫిక్స్‌డ్' చేయాలి. ఆ మెనూ జాబితా లోపల కాకుండా తెర మొత్తానికి ఉన్న ఫ్రేమ్‌లో నేరుగా ఉండాలి.

ఒత్తులు తెగిపోతున్నాయి, కింది వరుస మీద పడుతున్నాయి

దీని మీద కాస్త ఆగాలి. రోజూ తెలుగే చదివే మనిషికి తెగిన అక్షరాలు చూపించి యాప్ ఎలా ఉందని అడగడం నాకు చాలా బాధనిపించింది. ఇంగ్లీషు టెంప్లేటు తీసుకుని అందులో తెలుగు నింపడం వల్ల ఇది వస్తుంది. 16 సైజు అక్షరానికి 20 లైన్ హైట్ (వరుస ఎత్తు) ఇంగ్లీషుకి చాలు. మన గుడి పైన కూర్చుంటుంది, ఒత్తు కిందికి దిగుతుంది, కాబట్టి 26 నుంచి 28 వరకు ఇవ్వండి. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉంచండి. బటన్‌కి ఎత్తు బిగించకుండా ఆటో లేఅవుట్‌లో 'హగ్' పెడితే మాటని బట్టి అదే పెరుగుతుంది. కార్డు అంచు దగ్గర ఒత్తు తెగుతుంటే ఆ ఫ్రేమ్‌కి, అంచు దాటినదాన్ని కత్తిరించే 'క్లిప్ కంటెంట్' టిక్ ఉందేమో చూసి, కింద నాలుగు పిక్సెళ్ల ప్యాడింగ్ (లోపలి ఖాళీ) పెంచండి. పరీక్షకి 'చేప' లాంటి తేలిక మాట వద్దు. 'రాష్ట్రం', 'స్త్రీ' రాసి చూడండి.

మీరు దిద్దిన ఫైలు స్నేహితుడి దగ్గర ఫాంట్ లేదని అడుగుతుంటే, మీ సిస్టమ్‌లో మాత్రమే ఉన్న ఫాంట్ వాడారని అర్థం. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర గూగుల్ ఫాంట్స్‌లోవే. ఫిగ్మా జాబితాలో అందరికీ దొరుకుతాయి.

వంజరం కార్డు పెద్దదవ్వాలి, కానీ మసకగా మారిపోతోంది

ఒక ఫ్రేమ్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు కదలిక చూపించే స్మార్ట్ యానిమేట్, రెండు ఫ్రేముల్లోని లేయర్లను పేరుని బట్టి, అవి ఏ లేయర్ లోపల ఉన్నాయన్నదాన్ని బట్టి జత కలుపుతుంది. మొదటి ఫ్రేమ్‌లో 'ఫ్రేమ్ 47', రెండోదాంట్లో 'ఫ్రేమ్ 112' అని ఉంటే వాటిని ఒకటే అనుకోదు. రెండు చోట్లా 'వంజరం కార్డు' అని పెట్టి, ఒకే తల్లి లేయర్ కింద ఉంచండి.

'వెనక్కి' నొక్కితే ఎక్కడికో పోతోంది

'నావిగేట్ టు' ఇచ్చి హోమ్‌కి కలిపి ఉంటారు. దాని బదులు 'బ్యాక్' ఇవ్వండి.

ఫోన్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది

ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోలను అలాగే ఫైల్లో పడేశాం. 360 వెడల్పు ఫ్రేమ్‌కి 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ చాలు. తగ్గించాకే ఫిగ్మాలోకి తెచ్చుకోండి.

చివరికి వెళ్లాక దారి లేదు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. ఆ అమ్మే అడిగింది, "అప్పుడు ఇందులో ఏం కనబడుద్ది బాబూ?" అని. ఖాళీ పేజీ కనబడేది. మేం గీసినవన్నీ వంజరం, చందువ నిండుగా ఉన్న రోజులే. ఇప్పుడు 'ఈ రోజు సరుకు లేదు' అని ఒక ఫ్రేమ్ గీసి, దాని నుంచి హోమ్‌కి, ఎండుచేపల పేజీకి రెండు కనెక్షన్లు ఇచ్చాం. మీ ప్రోటోటైప్‌లో కూడా జాబితా ఉన్న ప్రతి చోటా ఆ జాబితా ఖాళీగా ఉండే ఫ్రేమ్ ఒకటి గీసి కలపండి.